కుడిపక్క స్పీకరు

చెవికి జలుబు చేస్తుందా? చేస్తుందనే తొమ్మిది రోజులుగా మేస్త్రి తనకు తాను నచ్చజెప్పుకుంటున్నాడు.

తొమ్మిది రోజుల కిందట పొద్దున్నే లేచేసరికి కుడిచెవిలో దూది కుక్కినట్టయింది. ఆ దూది వెనక ఎక్కడో సన్నగా, ఆగకుండా, కుక్కరు కూతకు ముందు బుసబుసమనే ఆవిరి లాంటి చప్పుడొకటి. స్నానంలో నీళ్ళు పోయి ఉంటాయనుకున్నాడు. తల వంచి ఒంటికాలి మీద గెంతాడు. గోరువెచ్చని నూనె చుక్కలు వేసుకున్నాడు. ముక్కు మూసుకుని, బుగ్గలు పూరించి, కళ్ళు బయటికొచ్చేదాకా ఊదాడు. రేపటికి తగ్గుతుందిలే అనుకున్నాడు. మర్నాడూ అదే అనుకున్నాడు, ఆ మర్నాడూ అదే. ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు.

ఇంకొకడైతే మొదటిరోజే డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాడు. కానీ ఇంకొకడికి చెవులంటే కళ్ళజోడు తగిలించుకునే కొక్కేలు. మన మేస్త్రికి అవి కూడు పెట్టే చేతులు. ఇళ్ళల్లో హోమ్ థియేటర్లు బిగించడం ఆయన పని. ఆయన అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు, అందరికీ చెవి మేస్త్రి. మిగతావాళ్ళు కొలిచే మీటర్లు పట్టుకొస్తారు. ఈయన కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంటాడు. కాసేపాగి లేచి ఒక స్పీకరును రెండు వేళ్ళంత పక్కకు జరుపుతాడు. అంతే, అప్పటిదాకా గోడలోంచి మాట్లాడినట్టున్న మనిషి వచ్చి మీ ఎదురుగా కూర్చుంటాడు. వీధి గేటు దగ్గర నిలబడి "లోపల వెనక స్పీకరుకి తీగలు తిరగేసి పెట్టారు" అని చెప్పాడని ఒక కథ ఉంది. అందులో గేటు మాత్రం జనం కల్పించింది. ఆయన నిలబడింది గుమ్మంలో. ఆ గేటుని ఆయన ఎప్పుడూ కాదనలేదు.

అలాంటి మనిషి వెళ్ళి, అయ్యా నాకు చెవి వినపడటం లేదు అని ఏ నోటితో చెబుతాడు?

భార్య పద్దెనిమిదేళ్ళుగా ఆయనతో పాటే పనికి వస్తోంది. కత్తెర, రంగు టేపులు, లేబుళ్ళు ఆవిడ శాఖ. ఎర్ర టేపు కుడికి, తెల్ల టేపు ఎడమకి. ప్రతి తీగకూ రెండు చివర్లా చీటీ ఉండాల్సిందే. ఇంట్లో ఉప్పు డబ్బా మీద ఉప్పు అనీ, దాని మూత మీద ఉప్పు మూత అనీ రాసే మనిషి. "నా వీపున కూడా ఒకటి అంటించు, తప్పిపోతే ఎవరైనా తెచ్చిస్తారు" అని మేస్త్రి ఎగతాళి చేసేవాడు. "అక్కర్లేదు, తెచ్చిచ్చినా నేను తీసుకోను" అనేది ఆవిడ.

వాళ్ళ పనిలో ఒక పద్ధతుంది. తీగలు గోడల్లోంచి, పైకప్పు రేకుల వెనకనుంచి పోతాయి కదా, ఏ చివర ఎక్కడ తేలిందో కంటికి తెలియదు. అందుకని ఒకరు ఈ చివర గోలీకాయంత బ్యాటరీ ఆనిస్తారు. తీగ బాగుంటే ఆ చివరున్న స్పీకరు టప్‌మంటుంది. "వచ్చిందా?" అని ఇక్కడినుంచి కేక. "వచ్చింది" అనో "రాలేదు" అనో అక్కడినుంచి జవాబు. రోజుకు వందసార్లు ఆ మొగుడూ పెళ్ళాల సంభాషణ ఇదే.

ఆవిడ పనికి వచ్చిన తొలి ఏడాది, ఒక ఇంట్లో మూడుసార్లు "రాలేదు" అంది. మూడుసార్లూ మేస్త్రి విసుక్కున్నాడు. నాలుగోసారి భయపడి, ఏ చప్పుడూ రాకపోయినా "వచ్చింది" అనేసింది. పైకప్పు రేకులు బిగించారు, సున్నం పూశారు, రంగు వేశారు. నాలుగో రోజున అదంతా పగలగొట్టాల్సి వచ్చింది. విచిత్రంగా ఆ రోజు మేస్త్రి ఒక్కమాట కూడా తిట్టలేదు. సున్నం పెళ్ళల మధ్య గొంతుక్కూర్చుని, "రానిదాన్ని రాలేదనే చెప్పు. తలెత్తుకుని చెప్పు. రాలేదంటే బాగు చేసుకుంటాం. రాకుండానే వచ్చిందన్నావనుకో, ఇక బాగుచేసే దారేది?" అన్నాడు. ఆ మాటకు ఆవిడ మనసులోనే ఒక చీటీ అంటించి దాచుకుంది.

ఇవాళ్టి పని పళ్ళ డాక్టరమ్మ గారి ఇంట్లో. పెద్ద హాలు. ఎదురుగా గోడంత తెర, దానికి అటూ ఇటూ నిలువెత్తు స్పీకర్లు రెండు, తెర కింద ఒకటి, పక్క గోడలకు రెండు, వెనక రెండు, మూలన బియ్యం డబ్బా అంత బేస్ పెట్టె. మిగతా సరంజామా ఏదీ హాల్లో కనిపించకూడదని డాక్టరమ్మ షరతు. అందుకని తెర వెనక గోడకు అవతలున్న సామాన్ల గదిలో అరలు బిగించి యాంప్లిఫయరు, డిస్క్ ప్లేయరు, కేబుల్ బాక్సు, పిల్లల గేమ్ పెట్టె, ఆమె తండ్రి నాటి రికార్డు ప్లేయరు వరసగా పెట్టారు. అన్నీ వచ్చి యాంప్లిఫయర్లో పడాలి. అక్కడినుంచి ఎవరి దారిన వాళ్ళు విడిపోయి, గోడ కన్నంలోంచి హాల్లోకి రావాలి. ఒక రకంగా రైల్వే జంక్షను.

ఐదింటికి డాక్టరమ్మ ఆసుపత్రి వాళ్ళు పదిమంది సినిమా చూడటానికి వస్తున్నారు. "మీరున్నారుగా, నాకేం బెంగలేదు మేస్త్రి గారూ" అని ఆమె పొద్దున్నే నవ్వుతూ చెప్పి పైకి వెళ్ళింది. ఆ నవ్వుకు మేస్త్రి తల వంచుకుని తీగ చుట్ట విప్పడం మొదలుపెట్టాడు.

ఒంటిగంటకల్లా తీగలన్నీ కలిపారు. భార్య సామాన్ల గదిలో అరల ముందు కూర్చుంది. మేస్త్రి హాల్లో కుర్చీ సరిగ్గా నడిమధ్యన వేసుకున్నాడు.

"తలుపు వేసుకో. ఫ్యాను మోత వస్తోంది. ఇక మొదలెట్టు" అని గోడ కన్నంలోకి అరిచాడు.

పరీక్ష చప్పుడు మొదలైంది. అది పాట కాదు, మాట కాదు. దూరాన వాన కురుస్తున్నట్టు ఉత్త జోరు. యాంప్లిఫయరు దాన్ని ఒక్కో స్పీకరుకూ రెండేసి క్షణాలు ఇస్తూ పోతుంది. ముందు ఎడమ, తరవాత మధ్య, తరవాత కుడి, కుడి గోడ, వెనక, మళ్ళీ ఎడమ గోడ. వాన మన చుట్టూ తిరిగొచ్చినట్టుంటుంది. ఈ ఒక్క చప్పుడు కోసమే తాను ఈ వృత్తిలో ఉన్నానని మేస్త్రి ఒకప్పుడు అనుకునేవాడు.

కళ్ళు మూసుకున్నాడు. ఎడమపక్క వాన పడింది. ఆగి మళ్ళీ మొదలైంది, ఎడమపక్కనే. మళ్ళీ ఆగింది. మళ్ళీ ఎడమపక్కనే.

కళ్ళు తెరిచాడు. వాన కదలడం లేదు.

"ఎర్ర టేపు ఎక్కడ పెట్టావు?" అని కేక వేశాడు.

"కుడికే పెట్టానండీ."

"కళ్ళు పెట్టి చూశావా?"

"లేదు, మోకాళ్ళు పెట్టి చూశాను. ఎర్రది కుడి, తెల్లది ఎడమ. పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారన్నా మారిందా?"

"మారింది కాబట్టే అడుగుతున్నా. అన్నీ ఎడమలోకే వస్తున్నాయి."

కన్నం అవతల ఆవిడ చీటీలన్నీ మళ్ళీ ఒకసారి చూసుకుంది. తరవాత, "ఇక్కడ అంతా సరిగానే ఉంది" అని వచ్చింది, కొంచెం చిన్నబుచ్చుకున్న గొంతు.

లోపం పట్టుకోవడానికి మేస్త్రికి ఒక్కటే దారి తెలుసు. జతలో ఒకదాన్ని తీసి రెండోదాని చోట పెట్టు. జబ్బు దాని వెంట వెళ్ళిందా, జబ్బు దాంట్లోనే ఉంది. వెళ్ళలేదా, ఒక మెట్టు వెనక్కి వెళ్ళి అక్కడా అలాగే మార్చి చూడు. మెట్టు తరవాత మెట్టు వెనక్కి వెళ్తూ ఉంటే ఎక్కడో ఒకచోట దొంగ దొరుకుతాడు. ఇన్నేళ్ళలో దొరకని రోజు లేదు.

ముందు స్పీకర్లు మార్చాడు. ఒక్కోటీ ఒక మనిషంత బరువు. కావలించుకుని, ఈడ్చుకుంటూ, కుడిదాన్ని ఎడమకు, ఎడమదాన్ని కుడికి చేర్చాడు. వాన ఎడమపక్కే పడింది. సరే, స్పీకర్లలో లేదు. తీగలు మార్చాడు. చివర్లు కత్తిరించి, రాగి పోగులు కొత్తగా మెలిపెట్టి బిగించాడు. ఎడమపక్కే. యాంప్లిఫయరు వెనక బిగింపులు భార్యచేత మార్పించాడు. ఎడమపక్కే. డిస్క్ ప్లేయరు పీకించాడు, కేబుల్ బాక్సు పీకించాడు, గేమ్ పెట్టె పీకించాడు, పాపం ఏ పాపమూ ఎరగని రికార్డు ప్లేయర్ని కూడా పీకించాడు. ఎడమపక్కే.

మూడయింది. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. వ్యానులో ఎప్పుడూ ఒక పాత యాంప్లిఫయరు ఉంటుంది, దాన్ని మోసుకొచ్చి కొత్తదాని చోట పెట్టించాడు.

"ఇది నాలుగోసారి ఏడు జతలూ విప్పి బిగించడం. నా వేళ్ళు చూడండి ఒకసారి" అంది భార్య తలుపులోంచి.

"నీ వేళ్ళు చూసే టైము కాదిది! నువ్వు చీటీలు అంటించేటప్పుడు బుర్ర ఎక్కడో పెట్టుకుని ఉంటావు, దాని ఫలితం ఇది. తలుపు వేసుకో!"

ఆవిడ ఆయన మొహం వంక చూసింది. తలుపు వేసుకుంది.

పాత యాంప్లిఫయరులోంచి కూడా వాన ఎడమపక్కనే పడింది.

నాలుగుంబావుకి డాక్టరమ్మ మెట్లమీదనుంచి తొంగి చూసింది. నేలనిండా తీగలు, పెట్టెలు, కత్తిరించిన ప్లాస్టిక్ తొక్కలు. "అయిపోవచ్చిందా మేస్త్రి గారూ?" అంది. "ఆఁ, ఆఁ, చిన్న సర్దుబాటు" అన్నాడు. ఆమె వెళ్ళాక స్పీకరుకి తల ఆనించి, దేవుడా, ఈ ఒక్కసారి దారి చూపించు అని మనసులో మొత్తుకున్నాడు. ముప్పావు గంటుంది. మార్చడానికి ఏ వస్తువూ మిగల్లేదు.

అలా ఆనుకుని ఉండగానే చప్పుడు మళ్ళీ మొదలైంది. చెంప కింద స్పీకరు వణికింది. అది కుడిపక్క స్పీకరు.

గబుక్కున దాని జాలీ మీద అరచెయ్యి పెట్టాడు. వణుకుతోంది. నిక్షేపంగా వణుకుతోంది. కానీ చప్పుడు మాత్రం అటుపక్క, హాలు ఆ చివర, ఎడమ గోడ దగ్గర వినిపిస్తోంది. చేతికింద ఉన్నది ఒకచోట, చెవికి వినిపిస్తున్నది ఇంకోచోట. ఇలాంటి దయ్యాల వ్యవహారం ఏ యాంప్లిఫయరూ చెయ్యలేదు.

మేస్త్రి నెమ్మదిగా కుర్చీ దగ్గరికి నడిచాడు. తెరకు ఎదురుగా నిలబడ్డాడు. వాన ఎడమపక్క కురుస్తోంది. అప్పుడు తెరకు వీపు పెట్టి వెనక్కి తిరిగాడు.

వాన కూడా తిరిగింది. ఇందాక ఎడమగోడ దగ్గరున్నది ఇప్పుడు కుడిగోడ దగ్గరికి వచ్చేసింది. అంటే మళ్ళీ ఆయనకు ఎడమపక్కకే.

స్పీకర్లు కదల్లేదు. తీగలు కదల్లేదు. యాంప్లిఫయరు కదల్లేదు. కదిలింది తనొక్కడే, జబ్బు తనవెంటే వచ్చింది. ఇంకోసారి తిరిగి చూశాడు. ఇంకోసారి. నడిహాల్లో నిలబడి పిచ్చివాడిలా గుండ్రంగా తిరిగాడు, వాన కుక్కపిల్లలా ఎడమచెవిని పట్టుకుని తిరిగింది. మెట్లన్నీ దిగిపోయాడు. వరసలో మార్చి చూడని వస్తువు ఒక్కటే మిగిలింది. దాన్ని మార్చడానికి వ్యానులో ఇంకోటి లేదు.

కుర్చీలో కూలబడ్డాడు. జలుబు కాదు. నీళ్ళు కాదు. ఆ మాట తొమ్మిది రోజులుగా లోపలెక్కడో తెలుసు, తెలిసి తెలిసి దానిమీద దుప్పటి కప్పాడు. ఏడుపు వచ్చింది. నలభై ఏడేళ్ళ మనిషి పరాయివాళ్ళ హాల్లో వెక్కి వెక్కి ఏడిస్తే ఏం బాగుంటుంది? మింగాడు. వాన మోగుతూనే ఉంది.

అప్పుడు ఆయన చేసిన పని తెలివైనది కాదు. కానీ మునిగిపోయేవాడు గట్టు ఎటుందో కొలిచి ఈదడు. గబగబా లేచాడు. స్పీకర్లు మళ్ళీ ఎవరి చోటికి వాళ్ళను ఈడ్చాడు. జేబులో రసీదు కాగితం చింపి సన్నని పట్టీలు చేసి, ఒక్కో స్పీకరు ముందూ పట్టుకుని చూశాడు. పట్టీ ఊగితే స్పీకరు పని చేస్తున్నట్టే. చెవి అక్కర్లేదు, కళ్ళు చాలు. ఇవాళ్టికి ఇలా గట్టెక్కుదాం. రేపటి సంగతి రేపు. "కొత్త యాంప్లిఫయరు పెట్టెయ్! మొదట ఎలా ఉందో అలా బిగించు! ఎర్రది కుడికి!" అని కన్నంలోకి అరిచాడు.

పావుగంటకు భార్య తలుపు తీసుకుని హాల్లోకి వచ్చింది. పరీక్ష చప్పుడు నడుస్తోంది. గడప మీదే ఆగిపోయి తల అటూ ఇటూ తిప్పుతూ వింది.

"ఇదేమిటి? చక్కగా తిరుగుతోందిగా! ఎడమ, మధ్య, కుడి, వెనక... బ్రహ్మాండంగా తిరుగుతోంది."

మేస్త్రి పట్టీ పట్టుకుని అటే చూస్తూ ఉండిపోయాడు.

"మొదట బిగించినట్టే బిగించానండీ ఇప్పుడు. ఒక్క తీగ కూడా మార్చలేదు. మరి మధ్యాహ్నంనుంచి నన్నెందుకు తిట్టినట్టు?"

ఆయన ఇంకో స్పీకరు ముందుకు జరిగాడు. పట్టీ ఊగుతోంది. వెనక అడుగుల అలికిడి ఏదో తెలిసింది గానీ ఎటునుంచో తెలియలేదు. కాసేపటికి భుజం మీద చెయ్యి పడితే ఉలిక్కిపడి కుడివైపు తిరిగాడు. భార్య అక్కడే, చెవి పక్కనే నిలబడి ఉంది. కళ్ళనిండా నీళ్ళు. పెదవులు అప్పుడే ఏదో చెప్పి మూసుకుంటున్నాయి.

"ఏమిటి? ఏమన్నావు?"

"నామీద కోపమా అని అడిగాను" అంది. "తొమ్మిది రోజులనుంచీ ఇదే అడుగుతున్నాను. పక్కలో మీ కుడిపక్కన పడుకుని అడుగుతున్నాను, ఉలకరు పలకరు. నడిచేటప్పుడు నన్ను ఎడమకు నెట్టేస్తారు. ఫోను ఆ చెవినుంచి ఈ చెవికి మారుస్తారు. నేనేం పాపం చేశానా అని రోజూ మిమ్మల్ని వెనకనుంచి చూస్తూ..." ఆగిపోయింది. ఆయన మొహం వంక చూసింది. ఆయన చేతిలోని కాగితప్పట్టీ వంక చూసింది. చెవి మేస్త్రి చేతిలో కాగితప్పట్టీ.

చెయ్యెత్తి, ఆయన కుడిచెవి దగ్గర చిటిక వేసింది. ఆయన కళ్ళు ఆమె మొహం మీదే ఉన్నాయి. ఇంకోసారి వేసింది.

"కుడిది పోయిందే" అన్నాడు.

ఆవిడ నోరు నొక్కుకుంది.

"ఎవరికీ చెప్పకు. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఎవరికీ చెప్పకు" అని గుసగుసగా అన్నాననుకున్నాడు గానీ పెద్దగానే అన్నాడు. "ఇవాళ ఈ ఒక్కటీ గట్టెక్కించు. నువ్వు ఆ కుర్చీలో కూర్చో, చప్పుడు ఎటునుంచి వస్తే అటు వేలు చూపించు. నేను సర్దేస్తాను. ఎవరికి తెలుస్తుంది? నీవి రెండూ, నాది ఒకటీ. మూడు చెవులున్నాయి మనకి, చాలవా?"

"నాలుగోదాని సంగతి చూద్దాం పదండి ముందు."

"పది నిమిషాల్లో వాళ్ళొస్తారు! నేను ఇప్పుడు లేచి వెళ్ళిపోతే చెవి మేస్త్రికి చెవుడొచ్చిందని రేపటికల్లా ఊరంతా..."

"ఎవరికి చెవుడు?"

మెట్ల కింద డాక్టరమ్మ నిలబడి ఉంది. మేస్త్రి చేతులు అడ్డంగా ఊపాడు, వద్దు వద్దన్నట్టు. భార్య ఆయన వంక చూడనే లేదు.

"ఈయన కుడిచెవి వినపడటం లేదమ్మా. తొమ్మిది రోజులైంది. నాకే ఇప్పుడు తెలిసింది."

తొమ్మిది అన్న మాటకు డాక్టరమ్మ మొహంలో నవ్వు పోయింది. "హఠాత్తుగానా? పొద్దున్న లేచేసరికా?" అని అడిగింది. మేస్త్రి తల ఊపాడు. "నేను పళ్ళ డాక్టర్ని, నా శాఖ కాదు. కానీ ఇది ఆగే జబ్బు కాదని నాకూ తెలుసు. మొదటి మూడు రోజుల్లో వెళ్ళాల్సింది. రెండు వారాలు దాటాయంటే మందు వేసినా పెద్దగా లాభం ఉండదంటారు. మీకింకా ఐదు రోజులున్నాయనుకోకండి, రోజురోజుకీ ఆశ తగ్గిపోతుంది. మా ఆసుపత్రిలో చెవి డాక్టరు ఆరింటిదాకా ఉంటారు. ఇప్పుడే ఫోను చేస్తాను."

"ఒక్క అరగంటమ్మా, ఇది పూర్తి చేసి..."

"మేస్త్రి గారూ, వచ్చేవాళ్ళు ఉత్త తెర చూసి పోతారు. వాళ్ళకేం కాదు."

ఆయన ఇంకా ఏదో అనబోతున్నాడు. భార్య గోడ దగ్గరికి వెళ్ళి మెయిన్ ప్లగ్గు పీకేసింది. వాన ఆగిపోయింది. హాలంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో ఆయన కుడిచెవిలోని ఆవిరి ఒక్కటే బుసకొడుతూ మిగిలింది. దానికి భయపడే ఆయన నడిచాడు.

ఐదున్నరకు చెవి డాక్టరు ముందు కూర్చున్నారు. బట్టతల, తొందర మనిషి, కానీ మాట సూటిగా ఉంది. "ముందు వినికిడి పరీక్ష. ఆ కాగితం మీద పడే గీతను బట్టే నా పని. వినికిడి పోయినట్టు తేలితే ఇవాళే ఇంజెక్షను మొదలుపెడతాను. బాగానే ఉన్నట్టు తేలితే చుక్కల మందు రాసి ఇంటికి పంపిస్తాను. తొమ్మిది రోజులంటే ఆలస్యమే. కొందరికి తిరిగొస్తుంది, కొందరికి రాదు. మాటివ్వలేను" అన్నాడు.

పరీక్ష గది చూడగానే మేస్త్రికి పుట్టింటికి వచ్చినట్టయింది. గోడలకు మెత్తలు, దళసరి తలుపు, లోపల చప్పుడు చచ్చినట్టుంది. ఇలాంటి గది కట్టమని ఎంతమందిని బతిమాలాడు! కుర్చీ, చెవులకు హెడ్‌ఫోన్లు. ఎరుపు కుడికి, చూసుకున్నాడు. చేతికొక మీట ఇచ్చారు. చప్పుడు వినపడినప్పుడల్లా నొక్కాలి, అంతే. అద్దం అవతల పరీక్ష చేసే అమ్మాయి, ఆమె పక్కన స్టూలు మీద భార్య.

ముందు ఎడమచెవి. కీచుమని సన్నటి మోత. నొక్కాడు. ఇంకా సన్నగా. నొక్కాడు. దోమ రెక్కంత మోతకు కూడా, తల ఓరగా వంచి, కళ్ళు మూసుకుని నొక్కాడు. అద్దం అవతల ఆ అమ్మాయి కనుబొమలు ఎగరేసింది. మేస్త్రికి ఛాతీ కొంచెం పొంగింది.

తరవాత కుడిచెవి. ఈ చెవి కోసం పంపిన చప్పుడు ఆ చెవి దొంగిలించకుండా ఉండాలని ఎడమచెవిలోకి వాన జోరు వదిలారు. తన వానే. దాని వెనక ఇంకేమీ లేదు.

ఎదురుచూశాడు. ఏమీ లేదు. అమ్మాయి చెయ్యి బల్లమీద కదిలింది, ఆమె భుజం కొంచెం లేచింది. ఏదో పంపింది. ఏమీ లేదు. ఇంకోసారి భుజం లేచింది.

ఒక్కసారి ఆ కాగితం మీద లేదని పడిందంటే ఇక అది లేనట్టే. ఇప్పటిదాకా ఎక్కడా రాసి లేదు కదా. మేస్త్రికి ఆ క్షణంలో ఇంతకు మించిన ఆలోచన లేదు. భుజం లేచింది. నొక్కాడు. అమ్మాయి ఏదో రాసుకుంది. ఎంతసేపు పంపుతారో, ఎంతసేపు ఖాళీ ఇస్తారో ఎడమచెవి అప్పుడే నేర్చుకుంది, తాళం పట్టడం ఆయనకొక లెక్కా? ఖాళీ, భుజం, నొక్కు. ఖాళీ, భుజం, నొక్కు. కళ్ళు పెద్దవి చేసుకుని ఆ భుజాన్నే చూస్తున్నాడు. అమ్మాయి తల ఊపింది, ఫరవాలేదే అన్నట్టు. గండం గడిచింది అనుకున్నాడు, మరుక్షణమే ఇలాగైతే ఇంజెక్షను ఇవ్వరన్న మాట గుర్తొచ్చింది. అయినా వేలు ఆగలేదు.

అప్పుడు తలుపు తెరుచుకుంది.

అమ్మాయి వెనకనుంచి వారిస్తోంది. భార్య లోపలికి వచ్చి ఎదురుగా నిలబడింది. ఆయన నిజంగా వినేటప్పుడు కళ్ళు మూసుకుంటాడని ఆ ఆసుపత్రిలో తెలిసింది ఆవిడ ఒక్కదానికే. తిట్టలేదు. మీట లాక్కోలేదు. ఎడమచెవిలో వాన, కుడిచెవిలో ఆవిరి, మధ్యన ఆవిడ పెదవులు మాత్రం కదిలాయి. ఆ కదలికలోని మాట ఆయన పద్దెనిమిదేళ్ళుగా రోజుకు వందసార్లు అన్నదీ విన్నదీ.

వచ్చిందా?

సున్నం పెళ్ళల మధ్య కూర్చుని తానన్న మాట ఆయనకు మొదటినుంచి చివరిదాకా గుర్తొచ్చింది. ఆ మాట చెప్పడం అంత తేలికనుకున్నాడు అప్పట్లో.

మేస్త్రి మీటను ఒళ్ళో పెట్టుకున్నాడు. తలెత్తడానికి చాలాసేపు పట్టింది.

"రాలేదు" అన్నాడు.